పుంగ్గోల్ గద్దలు, ఆపా కెమెరా ఫిర్యాదు

ఉద్యోగమంతా కెమెరాలు, లెన్సులు బాగుచేయడంలోనే గడిచింది నాకు. మొదలుపెట్టింది కాకినాడలో మెట్ల కింద ఉన్న ఓ ఇరుకు దుకాణంలో. రిటైరైంది సింగపూరులో, ఒక కెమెరా కంపెనీ సర్వీసు సెంటర్లో. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, మీకు అన్నిటికంటే కష్టమైన రిపేరు ఏది అంకుల్ అని అడుగుతుంటారు. సముద్రంలో పడ్డ కెమెరా గురించో, బూజుపట్టిన పాతకాలపు లెన్సు గురించో చెబుతానని వాళ్ల ఆశ. నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన కెమెరాలో మాత్రం ఏ లోపమూ లేదు.

మా వర్క్‌షాపుకు కిటికీలు ఉండేవి కావు. దుమ్ము రాకూడదని ఎప్పుడూ తలుపులు బిగించి ఉంచేవాళ్లం. తెల్లటి లైట్లు, చల్లటి గాలి, గోడకు ఒక పెద్ద పరీక్ష కాగితం. దాని మీద నల్లటి గళ్లు, నిలువు గీతలు, అడ్డగీతలు. ప్రతి లెన్సూ ఆ కాగితాన్ని చూసి పాసవ్వాలి. బయట ఎండ కాస్తోందో వాన కురుస్తోందో సాయంత్రం లిఫ్టు దిగేదాకా తెలిసేది కాదు. పక్షుల ఫొటోలు తీసేవాళ్లు కౌంటరు దగ్గర ఫోన్లు తీసి ఎంతో మురిసిపోతూ చూపించేవారు. చేపను పట్టిన గద్ద, గూట్లో పిల్ల, ఇంకేవో. నేను అంచులు పదునుగా వచ్చాయా లేదా అని మాత్రం చూసి, బావుందండీ అనేవాణ్ని. పక్షి పేరు కూడా అడిగేవాణ్ని కాను.

అలాంటి నా దగ్గరికి ఒకరోజు ఆవిడ వచ్చారు. తల మీద దుపట్టా, కాళ్లకు ఆటల బూట్లు. కూరల మార్కెట్టుకు ఇక్కడి ముసలమ్మలు లాక్కెళ్లే చక్రాల సంచీ ఒకటి వెంట ఉంది. అందులోంచి స్నానపు తువ్వాలులో చుట్టిన పొడవాటి లెన్సు, కెమెరా తీసి కౌంటరు మీద పెట్టారు. నేను మా ఆవిడతో ఫోనులో మాట్లాడుతుంటే విన్నట్టున్నారు.

"తెలుగోళ్లా భాయ్? మంచిగైంది. ఇంగ్లీషుల చెప్తే వీళ్లకు నా బాధ సమజైతలేదు."

ఆవిడది హైదరాబాదు. బడిలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరై, బ్యాంకులో ఉద్యోగం చేసే కూతురి దగ్గర పుంగ్గోల్‌లో ఉంటున్నారు. నేను మేడం అని మొదలుపెడితే, "మేడం ఏంది భాయ్, ఆపా అను. అక్క అన్నట్టే" అన్నారు. అప్పటినుంచి ఆవిడ నాకు ఆపానే.

వాళ్లుండే ఫ్లాట్ల బ్లాకుకు ఎదురుగా, నీళ్లకు అవతల ఎత్తయిన చెట్టు ఒకటుందట. దాని కొమ్మల్లో తెల్లపొట్ట సముద్రపు గద్దల జంట గూడు కట్టుకుందట. వాళ్ల అంతస్తులో అందరూ నడిచే వరండా చివర నిలబడితే గూడు ఎదురుగా కనిపిస్తుందట. రోజూ పొద్దున్నే ఆ వరండా చివర కుర్చీ వేసుకుని ఫొటోలు తీస్తారు. సింగపూరు వచ్చిన కొత్తలో ఎవరూ తెలియక, ఏమీ తోచక ఉన్న రోజుల్లో ఆ గద్దలే తనకు ఇరుగుపొరుగు అయ్యాయన్నారు. ఇప్పుడు గూట్లో పిల్ల ఉంది. పెద్దదైంది. ఇంకొన్నాళ్లలో ఎగురుతుంది. సరిగ్గా ఇప్పుడే కెమెరా పాడైంది.

"ఏమైందండీ?" అన్నాను.

"ఇందులోంచి చూస్తే గీతలన్నీ వంగుతున్నయ్. ఎదురుగున్న బిల్డింగు సుత నడుమల ఉబ్బినట్టు కనవడ్తున్నది."

ఫొటోలు చూశాను. అన్నీ చక్కగా ఉన్నాయి. బిల్డింగు అంచులు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఆవిడకూ ఫొటోల్లో ఏ వంకరా కనిపించడం లేదు. కెమెరాకు కన్ను ఆనించి చూస్తేనే వంకర. అలాంటప్పుడు తప్పు లెన్సుది కాదు, మనం కన్ను పెట్టి చూసే చోట ఉన్న అద్దాలది అని నిర్ధారించుకున్నాను. విప్పి, శుభ్రంచేసి, బిగించి పంపాను. వారం తిరక్కుండానే చక్రాల సంచీ మళ్లీ వచ్చింది. ఈసారి లోపలి అద్దం పలక మార్చాను. మళ్లీ వచ్చింది. మూడోసారి మా బాస్ తనే కూర్చున్నాడు. ఆయన చైనీసు పెద్దమనిషి. మాట తక్కువ, చెయ్యి మహా నిదానం. ఆయన మధ్యాహ్నమంతా చూసి, కెమెరాను మెత్తటి గుడ్డ మీద పెట్టి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఏమీ లేదని.

అప్పటికి వర్క్‌షాపులో ఆపా ఒక వేళాకోళమైపోయారు. సంచీ చక్రాల చప్పుడు వినబడితే చాలు, వంకర ఆంటీ వచ్చిందని లోపల నవ్వుకునేవాళ్లు. కౌంటరులో ఉండే మలయ్ అమ్మాయి ఒక్కతే నవ్వేది కాదు. ఆంటీకి నిజంగానే ఏదో కనిపిస్తోంది, ఊరికే ఎవరు ఇంత బరువు మోసుకొస్తారు అనేది.

చివరికి ఆపాను లోపలికి తీసుకెళ్లి చూపించడమే మేలనుకున్నాను. బయటివాళ్లను లోపలికి రానివ్వరు. బాస్‌ను అడిగితే, ఈ గోల ఎలాగైనా ముగించు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆపా బూట్లకు నీలం తొడుగులు వేసుకుని, గుడిలోకో మసీదులోకో అడుగుపెట్టినట్టు మెల్లగా నడుస్తూ వచ్చారు. పరీక్ష కాగితానికి ఎదురుగా కెమెరాను స్టాండు మీద బిగించాను. ఆవిడ ఎడమకన్ను మూసి, కుడికన్ను ఆనించి చూశారు.

నడిమి గళ్లు నీళ్లలో పడ్డట్టు కదులుతున్నాయన్నారు. నేను చూశాను. కదలడం లేదు. ఆవిడ మళ్లీ చూశారు. కదులుతున్నాయి. ఇలా ఇద్దరం కాసేపు వంతులవారీగా చూశాం. ఆపా విసుగొచ్చి వెనక్కి జరిగి, ఎడమకంట్లో వెంట్రుకేదో పడిందని అరచేత్తో దాన్ని మూసుకుని నలుపుకుంటూ గోడకేసి చూశారు.

"ఆ కాగితం సరిగ అతికియ్యలేదు కదా భాయ్. నడుమల ఉబ్బింది చూడు."

ఆ మాట అర్థమవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఆవిడకూ ఆ కాగితానికీ మధ్య ఇప్పుడు కెమెరా లేదు. నేను వెళ్లి కాగితాన్ని చేత్తో నిమిరి చూశాను. గోడకు అంటుకుపోయి ఉంది. తిరిగి వచ్చి, ఆపా, ఇప్పుడు రెండో కన్ను మూసి చూడండి అన్నాను. మూసుకుని చూశారు. అరచెయ్యి ఒక కంటి మీంచి ఇంకో కంటి మీదికి, మళ్లీ మొదటిదాని మీదికి మార్చారు. లెక్కల టీచరు. నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"అయితే కెమెరా మంచిగనే ఉన్నది" అన్నారు మెల్లగా.

వంకర ఆవిడ కుడికంట్లో ఉంది. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు మంచి కన్ను చెడ్డ కంటి లోటును కప్పేస్తోంది. ఒంటికంటితో చూసే పని ఆవిడ జీవితంలో ఒక్కటే. గద్దల్ని చూడటం. ఆ జబ్బు సంగతి ఆవిడకు ముందుగా చెప్పింది ఆ గద్దలేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

బయట కౌంటరు అమ్మాయికి చెబితే ఆమె ముఖం మారిపోయింది. వాళ్ల అమ్మమ్మ కూడా తలుపు వంగింది, కిటికీ వంగింది అంటుంటే ఇంట్లో అందరూ ముసలితనపు చాదస్తమనుకున్నారట. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయిందట. "అంకుల్, వెయిట్ చేయొద్దు. ఆంటీని ఇవాళే వెళ్లమని చెప్పండి" అంది.

చెప్పాను. ఆపా కెమెరాను తువ్వాలులో చుడుతూ, పిల్ల ఎగిరాక పోతానన్నారు. అంతకుముందు ఏడాది కూడా గూట్లో పిల్ల ఉండిందట. ఆవిడ హైదరాబాదులో పెళ్లికి వెళ్లి వచ్చేసరికి గూడు ఖాళీ. ఈసారి కదలనని ఒట్టు పెట్టుకున్నారు. పైగా కంటి సంగతి తెలిస్తే కూతురు ఒంటరిగా గడప దాటనివ్వదు. వరండా కుర్చీ కూడా లోపలికి పోతుంది. నీ నోటి నుంచి ఈ మాట బయటికి రావద్దని నన్ను అడిగారు.

వచ్చిన మనుషుల ఇంటి సంగతులు మా పని కాదు. బాస్‌ను అడిగాను. ఆయన, ఆవిడకు కావలసింది ఆ పక్షిని ఎవరో ఒకరు చూడటం, అంతే కదా అన్నాడు. పొద్దున్న కాస్త ఆలస్యంగా వచ్చినా పరవాలేదని కూడా అన్నాడు. ఆ మాట అన్నాక నా ముఖం చూడకుండా మళ్లీ పనిలో తలదూర్చాడు.

అలా మా మధ్య ఒప్పందం కుదిరింది. ఆపా కూతురికి తనే చెప్పి ఆస్పత్రికి వెళ్లాలి. వెళ్లిన రోజుల్లో ఆవిడ బదులు నేను ఆవిడ కెమెరాతో వరండాలో కూర్చుని గూటికి కాపలా ఉండాలి.

మా ఇల్లు టాంపినీస్‌లో. చీకటి విడకముందే బస్సెక్కి పుంగ్గోల్ చేరేవాణ్ని. ఆ పొద్దులు నాకు ఇప్పటికీ కలలోవిలాగే ఉంటాయి. నీళ్ల మీద పల్చటి పొగమంచు. దూరంగా సముద్రానికి అవతల, మలేషియాలోని జొహోర్ దీపాలు ఒక్కొక్కటే మసకబారుతూ ఆరిపోయేవి. కింద ఎవరో పరుగెత్తే అడుగుల చప్పుడు, పైవంతెన మీద మొదటి రైలు జారిపోయిన మెత్తటి మోత. వెలుగు ముందుగా చెట్టు కొసకు తగిలేది. అక్కడినుంచి కిందికి దిగుతూ గూటి పుల్లల్ని ఒక్కొక్కటే ముట్టుకునేది. అప్పుడు తల్లి గద్ద లేచి నిలబడి రెక్కలు విప్పేది. తెల్లటి పొట్ట, బూడిదరంగు రెక్కలు. అది గాలిలోకి వాలిపోతే చప్పుడే ఉండేది కాదు. ఏ గద్దయినా మా ఊళ్లో గద్దలాగే సన్నగా కూస్తుందనుకునేవాణ్ని. ఇది బాతులాగా బొంగురుగా అరిచేది. జీవితమంతా కిటికీల్లేని గదిలో అద్దాలు తుడిచినవాణ్ని, ఇన్నాళ్లూ అవి ఎందుకున్నాయో ఎవరూ చెప్పనట్టు, నోరు తెరుచుకుని చూసేవాణ్ని.

ఫొటోలు మాత్రం ఘోరంగా తీశాను. మొదటిరోజు తీసినవి చూసి ఆపా, "పుల్లలు మంచిగొచ్చినయ్ భాయ్. పిల్ల ఏది?" అన్నారు. పరీక్ష కాగితానికి అలవాటైన చెయ్యి కదా, కదలనిదాన్ని వెతుక్కుని మరీ దాని మీదే ఫోకస్ పెట్టింది. ఆ తర్వాత ఆవిడ నేర్పారు. ఫోకస్ దాని కన్ను మీద పెట్టు, రెక్క మీద కాదు. అది తల తిప్పే ముందు మెడ సన్నగైతది, అప్పుడు నొక్కు. ఎన్నో లెన్సులు విప్పి బిగించినవాణ్ని, లెన్సుతో చూడటం రిటైర్మెంటు ముంగిట్లో నేర్చుకున్నాను.

అప్పటికే ఆపా కుడికంటి చూపులో నడుమ నల్లటి మచ్చలా మొదలైందట. ఆస్పత్రిలో చూసి, కంటి వెనుక సన్నటి రక్తనాళాలు కారుతున్నాయని, వెంటనే కంట్లోకే ఇంజెక్షన్ ఇవ్వాలని అన్నారు. ఉన్న చూపు నిలబడొచ్చు, పోయింది మాత్రం తిరిగి రాదేమో అని కూడా డాక్టరు చెప్పాడట. కూతురు నాకు ఫోన్ చేసింది. ముందు నాకెందుకు చెప్పలేదు అంకుల్ అని నిలదీసింది. అంతలోనే తనే, పక్క గదిలో ఉంటున్నా తనకు తెలియలేదంది.

ఇంజెక్షన్ రోజు పొద్దున నేను వరండాలో ఒక్కణ్నే ఉన్నాను. ఆకాశం పడమటి నుంచి నల్లబడుతోంది. వానకు ముందు వచ్చే గాలి నీళ్లను గీకుతూ వచ్చింది. పిల్ల గూటి అంచున నిలబడి రెక్కలు కొడుతోంది. నాలుగైదు రోజులుగా అలాగే కొడుతోంది, కొంచెం లేచి మళ్లీ గూట్లోనే దిగుతోంది. ఈసారి గాలి దాన్ని దిగనివ్వలేదు. ఎత్తుకుపోయింది. నేను నొక్కుతూనే ఉన్నాను. రెక్కలు విప్పిన పిల్ల, ఒక కొమ్మకు తగిలి తలకిందులైన పిల్ల, తర్వాత వట్టి ఆకులు. పెద్దవి రెండూ చెట్టు చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాయి. వాన మొదలైంది.

కిందికి పరుగెత్తి వంతెన దాటి వెళ్లాను. ఆ చెట్టు కిందంతా దట్టమైన పొద. బాట మీంచి ఎంత చూసినా ఏమీ కనిపించలేదు. తడిసి ముద్దై పనికి వెళ్లాను. కౌంటరు అమ్మాయి ఏమైందని అడిగితే పడిపోయిందన్నాను. ఎవరని అడగకుండా ఆమె టీ తెచ్చిచ్చింది.

సాయంత్రం పుంగ్గోల్ వెళ్తూ రైల్లో ఒక అబద్ధం తయారుచేసుకున్నాను. బాగా ఎగిరింది ఆపా, గాలి ఎక్కువై ఫొటో రాలేదు అని చెబుదామనుకున్నాను. తలుపు కూతురు తీసింది. అమ్మీ రెస్టు తీసుకోవాలి అంకుల్, కంగారు పెట్టకండి అని గుసగుసగా చెప్పింది. లోపల సోఫాలో ఆపా కుడికంటికి కట్టుతో కూర్చుని ఉన్నారు. పరీక్ష కోసం వేసిన చుక్కలమందుతో ఎడమకన్ను కూడా మసకగానే ఉందట.

"ఎగిరిందా?"

ఆ ముఖం చూశాక తయారుచేసుకున్న మాట పక్కన పెట్టేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. గాలి, కొమ్మ, ఆకులు. కూతురు నావైపు కోపంగా చూసింది. ఆపా లేచి, గోడ పట్టుకుని, వరండా చివరికి నడిచారు. డాక్టరు ఏం చెప్పాడమ్మీ అంటూ కూతురు వెంట వచ్చింది. సూది కంటికి ఇచ్చిండు, చెవులకు కాదన్నారు ఆపా.

వాన వెలిసింది. నీళ్లన్నీ పసుపు వెలుగు. ముగ్గురం నిలబడ్డాం. చాలాసేపటికి జొహోర్ వైపు నుంచి ఒక గద్ద వచ్చింది. కాళ్లలో చేప. ఆపా ఆ బొంగురు అరుపు విని నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఏం జేస్తున్నది? చెప్పు."

"చేప తెచ్చింది ఆపా. చెట్టు వైపే వస్తోంది."

"గూట్లె దిగిందా?"

"లేదు. గూడు దాటి కిందికి దిగింది. పొదలో, నీళ్ల పక్కన. ఇప్పుడు పైకి వచ్చింది. కాళ్లలో చేప లేదు."

ఆపా నా మోచెయ్యి వదిలారు.

"అయితే కింద తినేటోళ్లున్నరు" అన్నారు.

మర్నాడు పొద్దున కట్టు విప్పాక ముగ్గురం వెళ్లాం. కూతురు ఆఫీసుకు రానని చెప్పేసింది. తల్లి మోచేతి కింద చెయ్యి వేసి నడిపిస్తూ, ఇన్నేళ్లలో ఈ పక్కకు ఎప్పుడూ రాలేదంకుల్, ట్రైన్ స్టేషన్ అటువైపు కదా అంది. నీళ్ల పక్కన బాట మీద నిలబడి ముగ్గురం వెతుకుతుంటే ముందుగా చూసింది ఆ అమ్మాయే.

"అమ్మీ, అదిగో. కింది కొమ్మ మీద. బ్రౌన్ కలర్‌లో."

తడిసిన గోనెసంచిని ఎవరో కొమ్మకు వేలాడదీసినట్టుంది పిల్ల. ఒక రెక్కకు బురద. కానీ కళ్లు మాత్రం చురుగ్గా మమ్మల్నే చూస్తున్నాయి. ఆపా కెమెరా అడిగారు. కుడికంటికి ఎత్తబోయి ఆగి, ఎడమకంటికి మార్చుకున్నారు. ముక్కు అడ్డం వస్తోంది, వేలు మీట దగ్గరికి చేరడం లేదు. ఎడమచేత్తో కొత్తగా రాయడం నేర్చుకునేవాళ్లలా తంటాలు పడుతూనే తీశారు. మొదటి ఫొటోలో చెట్టు వాలిపోయి, పిల్ల ఒక మూలకు జరిగిపోయింది. కూతురికి చూపిస్తే, బాగుంది అమ్మీ అంది. బాలేదు, మళ్ల తీస్తా అన్నారు ఆపా, ఎంతో సంతోషంగా.

ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నాం. పరుగెత్తేవాళ్లు మమ్మల్ని దాటుకుని పోయారు. రెక్కల్లో తడి ఆరుతున్నకొద్దీ పిల్ల పెద్దదవుతున్నట్టు అనిపించింది. పైన ఎక్కడో తల్లి అరిచింది. పిల్ల తల ఎత్తింది. మెడ సన్నబడింది. ఇప్పుడే అని నేను అనేలోపే కొమ్మ వదిలేసింది. ముందు నీళ్లకు దగ్గరగా పడిపోయింది. తర్వాత రెక్కలకు ఏదో గుర్తొచ్చినట్టు ఒక్కసారి బలంగా కొట్టి, పైకి లేచి, మావైపే వచ్చింది.

ఆపా కెమెరాను నా చేతిలో పెట్టేశారు. అరచేత్తో మంచి కన్ను మూసుకుని, జబ్బు కంటితో ఆకాశంలోకి తలెత్తారు.

"కనిపిస్తోందా ఆపా?" అన్నాను.

"ఎదురుంగ ఏం లేదు. నడుమలంత నల్లగున్నది."

గద్దపిల్ల మా తలల మీదుగా దాటి, ఎండలోకి పక్కకు వాలింది. ఆపా తల తిప్పలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"ఆ, అంచుకొచ్చింది. ఇగో, ఇప్పుడు పోతున్నది."